బిల్లులు చూసి చూసి మెడనొప్పి: ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి?

ప్రశ్న: లెక్కల మనిషి, విజయవాడ

అందరికీ నమస్కారం. నేను ఒక ఆడిటరు గారి ఆఫీసులో అకౌంటెంటుగా పనిచేస్తున్నాను, వయసు 38. టేబుల్ మీద పరిచిన బిల్లులు చూస్తూ కంప్యూటర్‌లో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేయడమే రోజంతా నా పని. నెల నెలా 11వ తేదీన జీఎస్టీఆర్-1, 20వ తేదీన జీఎస్టీఆర్-3బి అనే జీఎస్టీ రిటర్నుల గడువులు దగ్గర పడ్డాయంటే రాత్రి తొమ్మిది దాటినా కుర్చీలోంచి లేవడం కుదరదు. కొన్ని నెలలుగా మెడ వెనుక కుడివైపు నొప్పి మొదలై రెక్క ఎముక దాకా లాగుతోంది. ఈమధ్య అది ముంజేతి వెంట కిందికి దిగి, బొటనవేలూ చూపుడువేలూ తిమ్మిరెక్కుతున్నాయి.

మా వీధిలోని క్లినిక్‌లో నొప్పి మాత్రలూ మెడకు కాలరూ ఇచ్చారు. మాత్రలు వాడినన్నాళ్లూ తగ్గిన నొప్పి, ఆపగానే మళ్లీ వచ్చింది. తరువాత ఎంఆర్ఐ తీయిస్తే సీ5-సీ6 దగ్గర, అంటే మెడలోని ఐదో, ఆరో ఎముకల మధ్య, మెత్తలా ఉండే డిస్క్ ఉబ్బిందనీ, కుడివైపు నరం బయటికి వచ్చే దారి కొద్దిగా ఇరుకైందనీ, అరుగుదల ఉందనీ రిపోర్టులో రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు. ఆపరేషన్ తప్పదని ఆఫీసులో ఒకరు అంటుంటే, మంగలి షాపులో ఒకసారి మెడ విరిపించుకుంటే అదే సర్దుకుంటుందని మా మావయ్య గారు అంటున్నారు. నేను వెళ్లవలసింది ఎముకల డాక్టరు దగ్గరికా, నరాల డాక్టరు దగ్గరికా, లేక నేరుగా ఫిజియోథెరపిస్టు దగ్గరికా? ఈ ఉద్యోగం మానుకోవలసిన అవసరం వస్తుందా?

జవాబు: ఫిజియో అక్క, గుంటూరు

ముందుగా మీ మావయ్య గారి సలహా సంగతి. పెద్దవారి మాట కాదన్నానని అనుకోకండి గానీ, ఆ పని మాత్రం చేయించుకోవద్దు. మెదడుకు రక్తం తీసుకువెళ్లే రెండు ధమనులు మెడ ఎముకల్లో ఉండే రంధ్రాల గుండా పైకి వెళతాయి. మెడను ఒక్కసారిగా మెలితిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఇది అరుదే అయినా, ఇప్పటికే నరం నొక్కుకుపోయిన సూచనలున్న మెడను ఎవరి చేతిలోనో పెట్టడం తెలివైన పని కాదు.

సీ5-సీ6 మధ్య నుంచి బయటికి వచ్చే నరం బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శను అందిస్తుంది కనుక, మీరు చెప్పిన తిమ్మిరి రిపోర్టులో రాసిన చోటుతో సరిపోతోంది. ఇలాంటి చేతి నొప్పి చాలామందిలో ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల నుంచి కొన్ని నెలల లోపు తగ్గుతుంది. కాపడం, ట్రాక్షన్ (మెడను మెల్లగా లాగి పట్టడం), కరెంటు పెట్టడం వంటివి ఆ పూటకు హాయినిస్తాయి, అంతకుమించి వాటి మీద ఆశ పెట్టుకోకండి. సెంటరుకు వెళ్లి మిషను కింద పడుకుని రావడమే ఫిజియోథెరపీ అని చాలామంది అనుకుంటారు, కొన్ని సెంటర్లు కూడా వారిని అలాగే అనుకోనిస్తాయి. అసలు మేలు చేసేది వ్యాయామం. గడ్డాన్ని కిందికి వంచకుండా నేరుగా వెనక్కి జరపడం, మెడ ముందు భాగంలో లోతుగా ఉండే చిన్న కండరాలకు పని చెప్పడం, రెక్క ఎముకలను వెనక్కి, కిందికి లాగి పట్టే కండరాలను క్రమంగా బలపరచడం ఇందులో ముఖ్యమైనవి. దీర్ఘకాలంగా మెడనొప్పి ఉన్న 180 మంది మహిళా ఆఫీసు ఉద్యోగులతో ఫిన్లాండ్‌లో ఏడాది పాటు చేసిన అధ్యయనం ఒకటి 2003లో వెలువడింది. మెడ కండరాలకు బలమో ఓర్పో పెంచే వ్యాయామాలు చేసినవారికి, వట్టి సాగదీతలూ నడక వంటివీ చేసినవారి కంటే నొప్పి బాగా తగ్గిందని అందులో తేలింది. అయితే ఏ వ్యాయామమైనా మీ చేతిని పరీక్షించిన తరువాతే మొదలుపెట్టాలి. కాబట్టి చేతిలో బలం తగ్గిందా, చొక్కా గుండీలు పెట్టుకోవడంలో తడబాటు ఉందా, నడకలో తూలు ఉందా అన్నది ముందు చెప్పండి.

జవాబు: పాత పద్దులు, హనుమకొండ

నేను డాక్టరును కాను, మీలాగే లెక్కలు రాసుకునే మనిషిని. అందరూ కంప్యూటర్ స్క్రీను ఎత్తు గురించే మాట్లాడతారు గానీ, మన పనిలో మెడను పాడుచేసేది టేబుల్ మీద పడుకోబెట్టిన కాగితం. ప్రతి ఎంట్రీకీ తల ఒకసారి కిందికీ పక్కకూ వంచి, మళ్లీ పైకెత్తాలి. వోచర్ల కట్ట పూర్తయ్యేసరికి అది ఎన్ని వందల సార్లవుతుందో మీరే ఊహించుకోండి. మీ బిల్లులు కుడిచేతి పక్కన ఉంటాయని పందెం కాస్తాను. నేను ఇంట్లో పారాయణకు వాడే వ్యాసపీఠాన్ని ఆఫీసుకు తెచ్చి, కీబోర్డుకూ మానిటరుకూ మధ్య పెట్టి, దాని మీద బిల్లులు నిలబెడుతున్నాను. మొదట్లో అందరూ నవ్వారు, ఇప్పుడు మా ఆఫీసులో అలాంటివి మరో రెండు ఉన్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి పార్టీతో మాట్లాడుతూ టైపు చేసే అలవాటుంటే అది వెంటనే మానండి. ల్యాప్‌టాప్ అయితే దానిని ఎత్తు మీద పెట్టి, విడిగా కీబోర్డు తగిలించుకోండి. మీ వయసుకు ఇంకా అవసరం పడకపోవచ్చు గానీ, రెండు పవర్ల కళ్లద్దాలు వాడేవారు కింది అద్దంలోంచి స్క్రీను చూడటానికి గడ్డం పైకెత్తుతారు, దానివల్ల కూడా మెడ పడుతుంది. ఉద్యోగం మానే ఆలోచన మాత్రం పెట్టుకోకండి.

జవాబు: విశ్రాంత ఎముకల వైద్యుడు, విశాఖపట్నం

రోగిని చూడకుండా నిర్ధారణ చేయకూడదు కనుక, ఇది సాధారణ సమాచారంగా మాత్రమే తీసుకోండి. మీ నిద్ర చెడగొట్టింది రిపోర్టు కాబట్టి ముందు దాని గురించి చెబుతాను. జపాన్‌లో ఎలాంటి మెడ బాధా లేని 1,211 మందికి ఎంఆర్ఐ తీసి 2015లో ఫలితాలు ప్రచురించారు. వారిలో దాదాపు 88 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపించింది, ఇరవైలలో ఉన్నవారిలో కూడా అది చాలామందికి ఉంది. డిస్క్ ఉబ్బినంత మాత్రాన అదే నొప్పికి కారణమనీ, దానికి కత్తి పెట్టాలనీ అనుకోకూడదు. రోగి చెప్పే బాధా, చేతితో చేసే పరీక్షా, ఫిల్మూ మూడూ ఒకే చోటును చూపినప్పుడే ఆ రిపోర్టుకు విలువ.

ఆపరేషన్ మాట ఎత్తవలసిన సందర్భాలు వేరే ఉన్నాయి. చేతి బలం తగ్గిపోతూ ఉన్నా, తగిన చికిత్స చేసినా చేతి నొప్పి భరించరానిదిగా కొనసాగుతున్నా, వెన్నుపామే నొక్కుకుపోతున్న లక్షణాలున్నా న్యూరోసర్జనునో, వెన్ను శస్త్రచికిత్స చేసే ఎముకల వైద్యుణ్నో కలవాలి. వేళ్లు మొద్దుబారి చిన్న పనులు తడబడటం, నడుస్తుంటే కాళ్లు బిగుసుకోవడం, మూత్ర విసర్జన అదుపు తప్పడం వెన్నుపాము నొక్కుకుపోతోందనడానికి సూచనలు, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం తగదు. జ్వరంతోనో, బరువు తగ్గడంతోనో వచ్చే మెడనొప్పిని కూడా ఆఫీసు నొప్పి అని తోసేయవద్దు. ఛాతీలో బిగువు, చెమటలతో పాటు చేయి లాగితే మెడ సంగతి పక్కన పెట్టి ముందు ఈసీజీ తీయించుకోవాలి.

కాలర్ కొద్ది రోజులకు మించి వాడితే మెడ కండరాలు బలహీనపడతాయి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను మందుల షాపులో నేరుగా కొని నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. బీపీ ఉన్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ.

లెక్కల మనిషి, విజయవాడ

అందరికీ కృతజ్ఞతలు. హనుమకొండ పెద్దాయన పందెం గెలిచారు, బిల్లులు కుడివైపే ఉంటాయి. నడకలో తేడా లేదు, గుండీలు మామూలుగానే పెట్టుకుంటున్నాను. అయితే అక్క గారు అడిగాక గమనించాను: నీళ్ల క్యాను ఎత్తేటప్పుడు కుడి మోచేయి ఎడమదానంత గట్టిగా మడవడం లేదు. ఇది నొప్పి వల్లనో, నిజంగా బలం తగ్గడం వల్లనో నాకు తెలియడం లేదు.

విశ్రాంత ఎముకల వైద్యుడు, విశాఖపట్నం

ఆ తేడా తేల్చడానికే పరీక్ష చేయాలి. మోచేతిని మడిచే కండరానికీ, మణికట్టును పైకెత్తే కండరాలకూ ఈ నరం నుంచే చాలావరకు ఆదేశాలు అందుతాయి కనుక, 20వ తేదీ దాటనిచ్చి వెళ్దామనుకోకుండా ఈ వారంలోనే ఎముకల వైద్యునికి చూపించండి. మీకు దగ్గరలో మంగళగిరి ఎయిమ్స్ ఉంది, మీ ఊరి ప్రభుత్వ ఆసుపత్రి కూడా ఉంది. రిపోర్టు కాగితంతో పాటు ఎంఆర్ఐ ఫిల్ములు తీసుకువెళ్లి, బలం తగ్గిన సంగతిని నొప్పి కంటే ముందే చెప్పండి. రెండు చేతుల బలాన్నీ పోల్చి చూసి, సుత్తితో రిఫ్లెక్సులు పరీక్షించమని అడగడానికి మొహమాటపడవద్దు. బలం నిజంగా తగ్గి ఉంటే వారే న్యూరోసర్జను అభిప్రాయం తీసుకుంటారు.

ఫిజియో అక్క, గుంటూరు

డాక్టరు గారి మాటే నాదీ. వారు చూసేదాకా యూట్యూబులో చూసి వ్యాయామాలు మొదలుపెట్టవద్దు, నీళ్ల క్యాను ఇంకెవరైనా ఎత్తేలా చూసుకోండి. కుడివైపుకు తల తిప్పి వంచినప్పుడు ఆ వైపు నరం దారి ఇంకా ఇరుకవుతుంది కాబట్టి, బిల్లుల కట్టను మాత్రం రేపే మీ ఎదుటికి మార్చండి. పరీక్షలో ఏం తేలిందో ఇక్కడ రాస్తే, వ్యాయామం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం.