ట్రిమ్మర్ బ్యాటరీ ఛార్జ్ ఎక్కట్లేదు, ఛార్జర్‌లో ఎర్ర లైట్ కొట్టుకుంటోంది, పోయింది ఏది?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నా దగ్గర 18 వోల్టుల కార్డ్‌లెస్ గడ్డి ట్రిమ్మర్ ఉంది, కొన్ని నెలలుగా వాడలేదు, బ్యాటరీ దానికే తగిలించి షెడ్డులో ఉంది. ఇప్పుడు తీసి ఛార్జర్‌లో పెడితే ఎర్ర లైట్ గబగబా కొట్టుకుంటోంది, పచ్చ లైట్ రావట్లేదు. ఖాళీ ఛార్జర్‌కి మల్టీమీటర్ పెడితే సున్నా చూపిస్తోంది, అంటే ఛార్జర్ పోయినట్టేనా? పోయిన సీజన్‌లో కూడా ఒత్తు గడ్డిలోకి వెళ్తే ఆగిపోయేది, ట్రిగ్గర్ వదిలి మళ్ళీ నొక్కితే తిరిగేది. వీడియోల్లో ఇంకో బ్యాటరీతో వైర్లు కలిపి లేపుతున్నారు, అలా చెయ్యొచ్చా?

జవాబు:
వైర్లు మాత్రం కలపకండి, దాని సంగతి తర్వాత చెప్తా. ఖాళీ ఛార్జర్ సున్నా చూపించినంత మాత్రాన పోయినట్టు కాదండీ, చాలా ఛార్జర్లు లోపల బ్యాటరీ ఉందని తెలిశాకే కరెంటు వదుల్తాయి. ముందు ఛార్జర్ వెనక స్టిక్కర్ చదవండి, లైట్ ఎలా కొట్టుకుంటే ఏమిటో మామూలుగా అక్కడే ఉంటుంది, కొన్నిట్లో బ్యాటరీ వేడిగానో మరీ చల్లగానో ఉన్నా కొట్టుకుంటుంది. కాసేపు గదిలో పెట్టి మళ్ళీ చూడండి. ప్లస్సు మైనస్సు కాకుండా ఇంకో చిన్న పిన్ను కనిపిస్తుంది చూడండి, చాలా బ్యాటరీ ప్యాకుల్లో టెంపరేచర్ సమాచారం దాన్నుంచే వెళ్తుంది, దాని మీద దుమ్మో తుప్పో పట్టినా ఛార్జర్ ఒప్పుకోదు. బ్యాటరీ బయటికి తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో అన్ని పిన్నులూ తుడిచి, ఆరాక, బ్యాటరీ వోల్టేజ్ ఎంతుందో కొలిచి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
తుడిచాను, అయినా అంతే. బ్యాటరీ 11.2 వోల్టులు చూపిస్తోంది. పక్కింటాయన దగ్గర ఇదే మోడల్ బ్యాటరీ ఉంటే తెచ్చి పెట్టా, దానికి మామూలుగా ఛార్జ్ ఎక్కుతోంది.

జవాబు:
అయితే ఛార్జర్ బాగుంది, బ్యాటరీదే ప్రాబ్లం. 18 వోల్టుల ప్యాకులో 5 లిథియం సెల్స్ ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి, ఫుల్ అయితే ఒక్కోటి 4.2 చొప్పున మొత్తం 21 దాకా రావాలి. మీకు 11.2 అంటే సగటున సెల్‌కి 2.2 మాత్రమే, లేదా కొన్ని బాగానే ఉండి ఒకటో రెండో పూర్తిగా పడిపోయి ఉండొచ్చు, బయటినుంచి కొలిస్తే ఆ తేడా తెలీదు. వైర్లు కలపొద్దన్నది ఇందుకే, అంత కిందికి దిగిన లిథియం సెల్‌లో లోపలి రాగి రేకు కరిగి ఛార్జ్ చేసేటప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, పైగా వైర్లు కలిపితే కరెంటుని ఆపేదేదీ ఉండదు, ప్యాకు అంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. ఛార్జర్ దాన్ని వద్దంటోందంటే అది తన పని సరిగ్గా చేస్తున్నట్టే. కొత్త ప్యాకు తీసుకోండి, పాతదాన్ని మామూలు చెత్తలో వెయ్యకుండా బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వండి, ఉబ్బి ఉంటే అసలు ఇంట్లో ఉంచకండి.

ఇంకో జవాబు:
ఒత్తు గడ్డిలో ఆగిపోవడం గురించి ఎవరూ అనలేదు, అది వదిలేస్తే కొత్త బ్యాటరీతో కూడా ఆగుతుంది. బ్యాటరీ తీసేసి, స్పూల్ (గడ్డి కోసే దారం చుట్టి ఉండే చక్రం) విప్పి, షాఫ్ట్ చుట్టూ చుట్టుకున్న గడ్డి పీకండి, సగం కేసులు అక్కడే తేల్తాయి. తర్వాత దారం మందం మాన్యువల్లో ఉన్నదేనా చూడండి, 1.6 ఎంఎం మెషీన్‌కి 2.4 ఎంఎం ఎక్కిస్తే మోటారు మీద లోడు పెరిగి లోపలి ప్రొటెక్షన్ సర్క్యూట్ దాన్ని ఆపేస్తుంది. గార్డు కింద దారాన్ని కత్తిరించే చిన్న బ్లేడు ఉందో లేదో కూడా చూడండి, అది లేకపోతే దారం పొడుగు పెరిగి అదే ఇబ్బంది. గార్డు లేకుండా అసలు నడపొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, స్పూల్ విప్పితే గడ్డి గట్టిగా చుట్టుకుని ఉంది, బ్లేడు మాత్రం ఉంది. కొత్తది 2 యాంపియర్ అవర్ బదులు 4 తీసుకుంటే మెషీన్‌కి ఏమన్నా అవుతుందా?

జవాబు:
అదే కంపెనీ, అదే వోల్టేజ్ సిరీస్ అయితే ఏం కాదు, ఎక్కువసేపు నడుస్తుంది, లోడు పడినప్పుడు వోల్టేజ్ పడిపోవడం కూడా తక్కువే, కాకపోతే బరువెక్కువ కాబట్టి చెయ్యి కొంచెం నొప్పెడుతుంది, ఛార్జింగుకి టైం ఎక్కువ. వాడనప్పుడు ట్రిమ్మర్ నుంచి తీసేసి సగం ఛార్జ్‌తో చల్లని పొడి చోట పెట్టి, మధ్యమధ్యలో ఒకసారి చూసుకోండి.