తొలి చెక్క పెన్నుకు పాత ఇంటి ఎర్రచందనం వాడవచ్చా?

సిద్దవటం_చెక్క:
అందరికీ నమస్కారం. ఇంట్లో చెక్కను గుండ్రంగా తిప్పుతూ ఉలితో చెక్కే చిన్న లేత్ మిషన్ అమర్చుకున్నాను. మా తాతగారి కాలపు ఇల్లు విప్పినప్పుడు ఎర్రచందనపు గుంజ ఒకటి మిగిలింది. ఒకప్పుడు కడప దగ్గరి లంకమల కొండల చుట్టుపక్కల ఊళ్లలో ఇళ్ల గుంజలకు, బండ్లకు, సేద్యపు పనిముట్లకు ఈ చెక్కనే వాడేవారు. అందులోంచి ఒక ముక్క కోసి, నా తొలి పెన్ను చేసి మా నాన్నగారికి ఇవ్వాలని ఉంది. చెక్కలో దూర్చే ఇత్తడి గొట్టాలు, పెన్ను విడిభాగాలు కలిపి వచ్చే 7 మిల్లీమీటర్ల మామూలు కిట్టు తెప్పించాను. కొందరు మిత్రులు వద్దంటున్నారు. మీ అభిప్రాయాలు కారణాలతో సహా తెలుపగలరు.

పెన్నా_తీరం:
మీ కోరికను గౌరవిస్తూనే, తొలి పెన్నుకు ఆ గుంజ జోలికి వెళ్లవద్దని చెబుతాను. తొలి పెన్ను పాడయ్యే చోట్లు దాదాపు అందరికీ ఒక్కటే. మొదటిది రంధ్రం. బిట్టును చెక్కలోకి నిలువునా దించేటప్పుడు, పొట్టు బయటికి రావడానికి మాటిమాటికీ వెనక్కి లాగకపోతే అది లోపలే బిగుసుకొని వేడెక్కుతుంది. ఎర్రచందనం వంటి చిక్కని చేవలో ఆ వేడికి ముక్క నెర్రె విచ్చవచ్చు, లేదా బిట్టు అవతలి కొసన బయటపడేటప్పుడు అంచు పెచ్చుగా ఊడిపోవచ్చు. అది గట్టెక్కినా చివరి గండం ఉండనే ఉంది. చెక్కను బుష్షుల (ఎంత లావు వరకు చెక్కాలో చూపే కొసల రింగుల) మట్టానికి దించేసరికి ఇత్తడి గొట్టం మీద రెండు కొసల్లోనూ మిగిలేది మిల్లీమీటరు కంటే తక్కువ మందం. ఆ దశలో ఉలి మొద్దుబారి ఉన్నా, లోపల జిగురు ఒక పక్క అంటకపోయినా పొర చటుక్కున లేచిపోయి ఇత్తడి కనిపిస్తుంది. ముక్కలను గుచ్చి లేత్‌పై తిప్పే మాండ్రెల్ కడ్డీ నట్టును అతిగా బిగిస్తే కడ్డీ వంగి, పెన్ను ఒక పక్క లావుగా, మరో పక్క పలుచగా తయారవుతుంది. ఇవన్నీ చేయి తిరిగాక పోయే లోపాలే, కానీ చేయి తిరగాలంటే ముందు కొన్ని ముక్కలు పాడు కావలసిందే.

ఆ పాడయ్యే ముక్క ఏ చెట్టుదో ఆలోచించండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద మన తూర్పు కనుమల దక్షిణ కొసలోనే: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలుగొండలు, ఆ చుట్టుపక్కల మాత్రమే. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో 1995 నుంచి ఉన్న చెట్టు ఇది. పెరట్లో వేప ఉంది, చేనిగట్టున నల్లతుమ్మ ఉంది. చేయి వాటి మీద తిప్పుకుందాం.

చిత్రావతి:
పెన్నా తీరం గారితో నేను ఏకీభవించలేను. చెట్టు కొట్టి రెండు తరాలు గడిచిన గుంజను అటక మీద దాచినంత మాత్రాన ఏ కొండా తిరిగి పచ్చబడదు. మెళకువ పరంగా చూసినా ఈ సలహా తలకిందులుగా ఉంది. కొత్తగా ఈ పని నేర్చుకొనేవారిని ఎక్కువగా ఏడిపించేది ఆరని చెక్క. పెరటి వేప కొమ్మను పైపైన ఎండబెట్టి తిప్పితే, ఆ రోజు నున్నగానే కనిపిస్తుంది. తర్వాత చెక్క ముడుచుకుంటుంది, లోపలి ఇత్తడి ముడుచుకోదు, దానితో పెన్ను నిలువునా పగులుతుంది. పాత గుంజకు ఆ భయం లేదు. పైగా వేపలో పొరలు అటొకటి ఇటొకటిగా అల్లుకొని ఉండటం వల్ల ఉలికి ఎదురు తిరిగి పెచ్చులు లేస్తాయి. ఎర్రచందనం గట్టిదే అయినా, పదును పెట్టిన ఉలికి సన్నని చుట్టలుగా లేస్తుంది, నునుపు కూడా త్వరగా వస్తుంది. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన చెక్క అది; చేతిలో పట్టుకున్న పెన్నుకు ఆ బరువే అందం.

నల్లమల_గాలి:
ఇద్దరూ ఉలి దగ్గరే ఆగిపోయారు. ఎర్రచందనం ఉంచుకోవాలన్నా, ఒక చోటి నుంచి మరో చోటికి పంపాలన్నా పత్రాల అవసరం ఉంటుంది. గుంజ గుంజగా ఉన్నంతవరకు దాని మీది మేకు రంధ్రాలు, గాడి, వంటింటి పొగ మసి అది పాత ఇంటిదని చెబుతాయి. రంపం పెట్టి చదరపు ముక్కలుగా కోశాక ఆ సాక్ష్యమంతా పోతుంది. కాబట్టి కోయకముందే ఫొటోలు తీసి, ఇంటి కాగితాలతో మీ అటవీ శాఖ రేంజ్ అధికారిని కలిసి, రాతపూర్వకంగా అడగండి. అప్పటివరకు రంపం తాకించవద్దు.

పాలిష్ గురించి ఒక మాట. ఈ చెక్కలోని ఎర్ర రంగు నీటిలో పెద్దగా కరగదు గానీ స్పిరిట్‌లో ఇట్టే కరుగుతుంది. స్పిరిట్‌లో కలిపిన లక్క పాలిష్‌ను గుడ్డతో రుద్దితే గుడ్డంతా ఎర్రబారుతుంది, పక్కన లేత రంగు చెక్క అతికి ఉంటే దానికీ మరక పడుతుంది. పొట్టు ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

పెన్నా_తీరం:
చెక్క ఆరి ఉండాలన్న చిత్రావతి గారి మాట నిజం, దాన్ని ఒప్పుకుంటాను. అయితే ఆరిన చెక్క అంటే ఎర్రచందనమే కానక్కర్లేదు. పాత కలప అంగళ్లలో వేప కిటికీ చట్రాలు, తుమ్మ బండి చక్రాల ఆకులు దొరుకుతాయి. వాటిలోని మేకులు మాత్రం ముందే చూసి తీసేయాలి, లేకుంటే ఉలి అంచు విరుగుతుంది. ఒక్క పెన్ను పగలకుండా కిట్టులో చేరేదాకా వాటి మీద తిప్పండి. గుంజ ఎక్కడికీ పోదు, దానికి చెదలు కూడా పట్టవు.

సిద్దవటం_చెక్క:
అందరికీ కృతజ్ఞతలు. రేంజ్ ఆఫీసులో అడిగి వచ్చేదాకా గుంజను కదిలించను. అదే ఇంటి వేప దూలం కూడా మా దగ్గర ఉంది, తొలి పెన్ను దానితోనే మొదలుపెడతాను.

చిత్రావతి:
మంచిది. వేప గనుక చివరి అర మిల్లీమీటరు ఉలితో కాకుండా 150 నంబరు గరుకు కాగితంతో దించండి, ఆ తర్వాత 240, 400, 600 వరకు వెళ్లండి. నంబరు మార్చే ప్రతిసారీ మిషన్ ఆపి, చెక్క నిడివి వెంట ఒకసారి చేతితో రుద్దితే అడ్డగీతలు పోతాయి. ఎర్రచందనం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. అనుమతి వస్తే, ఆ గుంజ మీ నాన్నగారి జేబులో పెన్నుగా ఉండటమే మేలు.