"చెల్లియో చెల్లకో"లో చెల్లెలు ఎవరు?

ప్రశ్న: మా ఊరి రామాలయం ముందు నవమికి రాయబారం సీను వేస్తారు. కృష్ణుడు ఈ పద్యాన్ని "చెల్లియో" అని ఎత్తుకోగానే ఈలలు మొదలు. ఇంతకీ ఆ చెల్లెలు ద్రౌపదా, సుభద్రా?

జవాబు: ఇద్దరూ కారండీ. అది 'చెల్లు' అనే క్రియ. చెల్లియో చెల్లకో అంటే చేతనయ్యో, చేతకాకో అని. తమకు చేసిన ఎగ్గులను, అంటే కీడును, పాండవులు ఎలాగో సహించారు; జరిగిందేదో జరిగింది; ఇప్పుడు సంధికి నన్ను పంపారు అంటున్నాడు కృష్ణుడు. చివరి పాదంలోని 'ఎల్లి' కూడా మనిషి పేరు కాదు, రేపు అని అర్థం.

మీకు చెల్లెలు వినిపించడానికి కారణం రాగం. మైకు లేని రోజుల్లో, ఆరుబయట, చివరి చాప మీద కూర్చున్నవాడి దాకా గొంతు చేరాలి. అందుకని "చెల్లియో" దగ్గరే ఆగి సాగదీసేవారు. "చెల్లకో" వచ్చేసరికి జంట విడిపోయేది, అర్థమూ దానితోనే పోయేది.

ఈ రాగాల మోజు పల్లెల్లో పుట్టింది కాదు. 1886 ప్రాంతంలో బళ్ళారిలో సరసవినోదిని సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వృత్తికి వకీలు. నాటకంలో పద్యాన్ని రాగయుక్తంగా పాడించడం ఆయనతోనే ఊపందుకుంది. తర్వాత ఈ పద్యం ఉన్న తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు వచ్చి ఊళ్లను పట్టుకున్నాయి. హార్మనీ మాస్టారు ఊళ్లోనే మకాం వేసి, అక్షరం రానివారికి కూడా పద్యాలు నోటితో నేర్పేవారు. ఈ పద్యం ఉత్పలమాల వృత్తం కాబట్టి ప్రాస, అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకటే కావడం, తప్పదు: చెల్లి, తొల్లి, పిల్లలు, ఎల్లి. నాలుగు పాదాలకూ 'ల్ల'. చదువు రాని నటుడికి ఇంతకన్నా మంచి ఆసరా ఏముంది? పాదం మరిచిపోయినా ప్రాస అందిస్తుంది. ఇక పడకసీనుకు, అంటే కృష్ణుడు నిద్రపోతుండగా దుర్యోధనుడు, అర్జునుడు సాయం కోరి వచ్చే సీనుకు, ఒక కృష్ణుడు, రాయబారానికి మరో కృష్ణుడు. నాటకం ఖర్చు పంచుకునే వేషధారులు పెరుగుతారు, వేషం దక్కలేదన్న అలకలూ తగ్గుతాయి.

మరొకరు: రాగాన్ని మరీ నిందించకండి. జనం వచ్చేదే దానికోసం. రాగం లేని పద్యానికి 'వన్స్ మోర్' ఎవరంటారు?

జవాబు: రాగం మానమనలేదు, చోటు మార్చమంటున్నాను. "చెల్లియో చెల్లకో" ఒకే ఊపిరిలో అని, రాగమంతా చివర "కౌరవేశ్వరా" దగ్గర తీసుకోవచ్చు. అక్కడ దీర్ఘం ఎలాగూ ఉంది, సంబోధన కాబట్టి ఎంత సాగినా అర్థం చెడదు.

ప్రశ్న అడిగినవారు: సబబుగానే ఉంది. కానీ మా రాయబారం కృష్ణుడు మా మేనమామ. ఆయనకు ఇలా పాడమని చెప్పగలిగింది హార్మనీ మాస్టారు ఒక్కరే. ఆ మాస్టారికీ వేషధారుల దగ్గర ఇంకా డబ్బులు రావాల్సి ఉన్నాయి.