డోంపెరిడోన్ మీద ఆంక్షలట, నాన్నగారు ఏళ్లుగా వేసుకుంటున్నారు. ఆపేయాలా?

ప్రశ్న: నాన్నగారికి 66 ఏళ్లు. కడుపుబ్బరం, ఛాతీలో మంట అని రోజూ పరగడుపున ఒక గ్యాస్ క్యాప్సూల్ వేసుకుంటారు. నాలుగేళ్లయింది. అందులో డోంపెరిడోన్ ఉందని, గుండెకు మంచిది కాదని యూరప్‌లో కట్టడి చేశారని నిన్న తెలిసింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. ఇంతకాలం వాడిన మందు ఇప్పుడు చెడ్డదెలా అయింది?

సమాధానం: మందు మారలేదండీ. అరుదుగా జరిగే హాని చాలామంది చాలాకాలం వాడాక గానీ బయటపడదు. దీని ఇంజెక్షన్‌ను 1980లలోనే గుండె లయ తప్పుతోందని ఆపేశారు. మాత్రలు మాత్రం కొనసాగాయి. 2014లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ వాటికీ హద్దు పెట్టింది. వాంతులకు, వికారానికి మాత్రమే వాడాలి, పెద్దవాళ్లు 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు మూడుకు మించకూడదు, మామూలుగా వారం దాటకూడదు. ఉబ్బరానికి, ఛాతీమంటకు వద్దంది. అంటే మీ నాన్నగారు వాడుతున్నది సరిగ్గా వద్దన్న వాటికే.

భయపడాల్సినంత తరచుగా జరిగేది కాదు. కానీ 60 దాటినవాళ్లకు, రోజుకు 30 మిల్లీగ్రాములు మించినవాళ్లకు ముప్పు ఎక్కువ. నేను ఫార్మసీలో పనిచేస్తాను, నాకు అసలు దిగులు పక్కన వేసుకునే మందుల గురించే. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయోటిక్‌లు, కీటోకొనజోల్ లాంటి ఫంగస్ మందులు డోంపెరిడోన్‌ను లివర్‌లో కరగనివ్వవు, రక్తంలో దాని మోతాదు పెరిగిపోతుంది. పైగా వాటికవే గుండె లయను కదిలించగలవు. స్ట్రిప్ వెనక ఎన్ని మిల్లీగ్రాములో చూడండి, ఇంకేం వాడుతున్నారో కూడా చెప్పండి.

ప్రశ్న: క్యాప్సూల్‌లో పాంటోప్రజోల్ (కడుపులో యాసిడ్ తగ్గించే మందు) 40, డోంపెరిడోన్ 30 అని ఉంది. వికారంగా ఉందని మొన్నటినుంచి విడిగా డోంపెరిడోన్ 10 మాత్ర రోజుకొకటి కూడా వేసుకుంటున్నారట, నాకు తెలియదు. దగ్గుకు నాలుగు రోజులుగా క్లారిత్రోమైసిన్ నడుస్తోంది.

సమాధానం: అయితే ఆలస్యం చేయకండి. రోజుకు 40 అవుతోంది, మీద క్లారిత్రోమైసిన్. తర్వాతి డోసు వేయకముందే డాక్టర్‌గారికి ఫోన్ చేసి ఈ మూడు పేర్లూ చదివి వినిపించండి. యాంటీబయోటిక్‌ను మీరే మానేయకండి, ఏది ఆపాలో ఆయన చెప్తారు. గుండె దడదడలాడినా, కళ్లు తిరిగి పడబోయినా ఫోన్లు మాని నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ప్రశ్న: మాట్లాడానండీ. డోంపెరిడోన్ ఉన్నవి రెండూ ఈరోజే ఆపేయమన్నారు. ఈసీజీ తీయించాం, బాగానే ఉంది. ఛాతీమంటకు ఉత్త పాంటోప్రజోల్ రాశారు.