గ్యాలరీ గోడ మీద తెలుగు రాత: వినైలా, సన్‌బోర్డా?

హైదరాబాద్‌లో ఇన్‌స్టలేషన్లు (గదిలో అమర్చి చూపే కళాకృతులు), వీడియోలతో గ్రూప్ షో. గుమ్మం పక్క గోడకు 150 పదాల పరిచయం, ఒక్కో కళాకృతికి 60 పదాల లేబుల్, అన్నీ తెలుగులోనే. వినైల్ (అంటుకునే ప్లాస్టిక్ షీటు) కటింగ్‌లో అక్షరం 36 పాయింట్లకు తగ్గితే వత్తులు, అక్షరాల్ని గోడకెక్కించే ట్రాన్స్‌ఫర్ టేపుతోపాటే లేచొస్తున్నాయి. లైన్ల మధ్య ఖాళీ చాలకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతోంది. 5 ఎంఎం సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ బోర్డు) పై ప్రింట్ తీసి మ్యాట్ లామినేషన్ చేస్తే స్పాట్‌లైట్ మెరుపు పోతుందా? వీడియో గది చీకట్లో లేబుల్ ఎక్కడ పెడుతున్నారు?

ఇంకోటి, వాట్సాప్ ఆహ్వానం. "అస్తిత్వపు అంతరాల అన్వేషణ" అంటే ఎవరొస్తారండీ! "మగ్గం గుంటలో దిగి చూసే 12 నిమిషాల వీడియో" అని మొదలుపెడితే షోను కూర్చే క్యూరేటర్లు ఒప్పుకోవడం లేదు. మీరెలా ఒప్పిస్తున్నారు?