‘పరిగె’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

మాది శ్రీకాకుళం జిల్లా, నరసన్నపేట దగ్గర పల్లె. వరి కోతలయ్యి, పనలు కళ్లానికి చేరాక మా అమ్మమ్మ పిల్లల్ని వెంటేసుకుని ఖాళీ మడిలోకి దిగేది. కొయ్యకాళ్ల మధ్య రాలిన వెన్నులు ఒక్కొక్కటే ఏరి చీర చెంగులో వేసుకునేది. అరికాళ్లు గీరుకుపోయేవి. సాయంత్రానికి చెంగు బరువెక్కితే ఆమె ముఖం వెలిగిపోయేది. దీన్నే ‘పరిగె ఏరడం’ అనేది. ఆ గింజలతో ఎన్నో పూటలు గడిచాయి మాకు.

సంస్కృతంలో ఇలా గింజలు ఏరుకోవడాన్ని ‘ఉంఛం’ అంటారు, ఉంఛవృత్తి అందులోంచి వచ్చిందే. మహాభారతంలో సక్తుప్రస్థుడనే పేద బ్రాహ్మణుడి కుటుంబం అలాగే బతికింది. మరి పరిగె అచ్చ తెలుగేనా? ‘గడ్డిపరక’లోని పరకతో దీనికి చుట్టరికం ఉందా? తమిళ, కన్నడాల్లో ఇలాంటి మాట ఉందా?

ఇప్పుడు మా వైపు కోత మిషన్లు వచ్చాయి, మా పిల్లలకి ఈ మాటే తెలీదు. విజయనగరం, పార్వతీపురం వైపు వాళ్లు దీన్ని ఏమంటారో, పెద్దవాళ్లని అడిగైనా చెప్పండి. సామెత ఏదైనా గుర్తుంటే అదీ రాయండి, దయచేసి.