టెక్సాస్‌లో తాగి విమానం నడిపితే పట్టుకునేది ఎఫ్‌ఏఏనా, రాష్ట్ర పోలీసులా?

డెంటన్_స్టూడెంట్:
డాలస్ దగ్గర ప్రైవేట్ పైలట్ లైసెన్స్ చేస్తున్నాను. ఆకాశం మీద పెత్తనమంతా ఫెడరల్ ప్రభుత్వానిదే, రాష్ట్రం మాట చెల్లదని గ్రౌండ్ స్కూల్లో చెప్పారు. కానీ టెక్సాస్ పీనల్ కోడ్‌లో తాగి విమానం నడపడానికి విడిగా ఒక సెక్షనే ఉంది. రక్తంలో ఆల్కహాల్ పరిమితి ఎఫ్‌ఏఏ (ఫెడరల్ విమానయాన సంస్థ) రూల్లో 0.04, టెక్సాస్ చట్టంలో 0.08. మరి 0.05 ఉన్నవాడి సంగతేంటి? మరీ తక్కువ ఎత్తులో ఎగిరాడని ఎవరైనా 911కి ఫోన్ చేస్తే పోలీసులు కేసు పెట్టగలరా? కారులో డీయూఐ (తాగి బండి నడిపిన కేసు) పడితే పైలట్ సర్టిఫికెట్‌కి ఎసరు వస్తుందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

డబుల్‌ఐ_ఇన్‌స్ట్రక్టర్:
గ్రౌండ్ స్కూల్లో చెప్పింది సగం నిజమండీ. విమానం ఎంత ఎత్తులో, ఏ దారిలో, ఏ వేళలో ఎగరాలో రాష్ట్రాలు, సిటీలు నిర్ణయించలేవు. బర్బ్యాంక్ సిటీ రాత్రి 11 నుంచి ఉదయం 7 దాకా జెట్లు లేవకూడదని ఆర్డినెన్స్ పెడితే 1973లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అంతమాత్రాన క్రిమినల్ చట్టం రన్‌వే దగ్గర ఆగిపోదు.

ఎఫ్‌ఏఏ చేతిలో జైలు లేదు. సర్టిఫికెట్ సస్పెండ్ చేస్తుంది, రద్దు చేస్తుంది, సివిల్ పెనాల్టీ వేస్తుంది, అంతే. తాగి నడిపినందుకు ఫెడరల్ క్రిమినల్ సెక్షన్ ఒకటి ఉన్నా, అది డబ్బు తీసుకుని జనాన్ని, సరుకును మోసే కామన్ క్యారియర్లకే వర్తిస్తుంది. అద్దె సెస్నా 172 లాంటి చిన్న విమానంలో తాగి ఎక్కిన ప్రైవేట్ పైలట్ దాని కిందకి రాడు. అతన్ని కటకటాల వెనక్కి పంపేది రాష్ట్ర చట్టమే. అందుకే రాష్ట్రాలకి ఇలాంటి సెక్షన్లు అక్కర్లేదనే వాదన నాకు ససేమిరా ఒప్పుకోబుద్ధి కాదు.

టెక్సాస్‌లో అది పీనల్ కోడ్ సెక్షన్ 49.05. క్లాస్ బి మిస్‌డిమీనర్, కనీసం 72 గంటల నిర్బంధం, గరిష్ఠం 180 రోజులు, 2,000 డాలర్ల దాకా జరిమానా. ఎవరికైనా తీవ్ర గాయమైతే 49.07 కింద 2 నుంచి 10 ఏళ్లు, ప్రాణం పోతే 49.08 కింద 2 నుంచి 20 ఏళ్లు. ఈ రెండు సెక్షన్లలోనూ విమానం పేరు స్పష్టంగా ఉంది.

ఇక మీ 0.05. ఎఫ్‌ఏఏ రూలు 91.17 ప్రకారం అది నేరుగా ఉల్లంఘన. టెక్సాస్‌లో మత్తు అంటే రెండు అర్థాలు: 0.08 లేదా అంతకు మించి ఉండటం, లేదా మందు వల్ల శరీరం, బుద్ధి మామూలుగా పనిచేయకపోవడం. మాట తడబడి, నడక తూలుతూ కనిపిస్తే 0.05 మీద కూడా రెండో అర్థంతో కేసు నిలబడొచ్చు. ఇంకోటి, తాగాక 8 గంటల దాకా విమానం నడపకూడదనే ఎఫ్‌ఏఏ రూలు అంకెతో సంబంధం లేకుండా నడుస్తుంది. బీరు తాగిన ఆరు గంటలకి మీటర్ సున్నా చూపించినా సీట్లో కూర్చుంటే తప్పే. అటు 8 గంటలు దాటినా 0.04 ఉంటే అదీ తప్పే.

రెండు చట్టాలను కలిపే ముడి 91.17 (సి)లో ఉంది. రాష్ట్ర చట్టం ప్రకారం పరీక్ష చేసే అధికారం ఉన్న పోలీసు, అలాంటి నేరం మీదే విచారణలో అడిగితే పైలట్ పరీక్షకి ఒప్పుకోవాల్సిందే. ఒప్పుకోకపోతే 61.16 కింద ఏడాది దాకా కొత్త సర్టిఫికెట్, రేటింగ్ నిరాకరించొచ్చు, ఉన్నది సస్పెండో రద్దో చేయొచ్చు. విమానం నడిపిన, లేదా నడపబోయిన 4 గంటల్లోపు చేసిన పరీక్షల ఫలితాలను ఎఫ్‌ఏఏ అడిగి తెప్పించుకోగలదు.

హ్యూస్టన్_లా:
పై సమాధానం సరైనదే. దీనికి సాక్ష్యంగా 2002 జులై 1 మయామీ కేసు చూడండి. ఫీనిక్స్ వెళ్లాల్సిన అమెరికా వెస్ట్ ఎయిర్‌లైన్స్ విమానం 556. సెక్యూరిటీ స్క్రీనర్లకి ఇద్దరు పైలట్ల దగ్గరా మందు వాసన వచ్చింది. అప్పటికే గేటు నుంచి వెనక్కి నెట్టిన విమానాన్ని మళ్లీ రప్పించారు. గంటల తర్వాత తీసిన రీడింగులు 0.091, 0.084. రెండూ ఫ్లోరిడా పరిమితి 0.08కి పైనే.

ఆకాశం ఫెడరల్‌ది, రాష్ట్రం మమ్మల్ని విచారించలేదని పైలట్లు ఫెడరల్ కోర్టుకెళ్లారు. 2003లో జిల్లా జడ్జి వాళ్లకి అనుకూలంగా చెప్పినా, 2004లో 11వ సర్క్యూట్ ఫెడరల్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. ఇక్కడ జాగ్రత్తగా చదవాలి: రాష్ట్రానికే అధికారమని అప్పీలు కోర్టు తేల్చలేదు, నడుస్తున్న రాష్ట్ర కేసులో ఫెడరల్ కోర్టు వేలు పెట్టకూడదని చెప్పింది. ఈ తేడా పట్టించుకోకుండా ఆన్‌లైన్‌లో చాలామంది రాస్తుంటారు.

విచారణలో డిఫెన్స్ ప్రధాన వాదన ఏంటంటే, విమానాన్ని టగ్ (నేల మీద విమానాన్ని నెట్టే బండి) తోస్తోంది, స్టీరింగ్ పైలట్ల చేతిలో లేదు కాబట్టి వాళ్లు నడపలేదు అని. జ్యూరీ ఒప్పుకోలేదు. 2005లో కెప్టెన్‌కి అయిదేళ్లు, ఫస్ట్ ఆఫీసర్‌కి రెండున్నరేళ్లు పడింది. అది ఫ్లోరిడా చట్టం సెక్షన్ 860.13, థర్డ్ డిగ్రీ ఫెలనీ (తీవ్ర నేరం). కాబట్టి చక్రాలు నేల వదలకపోతే నేరం కాదనుకోవద్దు.

ఏడీఎస్‌బీ_చూసేవాడు:
తక్కువ ఎత్తులో ఎగరడం గురించి. ఎఫ్‌ఏఏ రూలు 91.119 ప్రకారం ఊరి మీద అయితే 2,000 అడుగుల వ్యాసార్ధంలో ఉన్న అతి ఎత్తైన అడ్డంకి కంటే 1,000 అడుగులు పైన ఉండాలి. ఊరు కాని చోట నేల నుంచి 500 అడుగులు. టేకాఫ్, ల్యాండింగ్‌లకి ఇది వర్తించదు. ఈ రూలు ఎఫ్‌ఏఏది, టెక్సాస్ పోలీసు దీన్ని అమలు చేయలేడు. జనం మీదకి దూకుతున్నట్టు ప్రమాదకరంగా తిప్పితే మాత్రం 22.05 డెడ్లీ కాండక్ట్ అనే మామూలు సెక్షన్ ఉంది. కాలిఫోర్నియాలో అయితే విమానాలకే విడిగా 21407 సెక్షన్ ఉంది, అందులో నిర్లక్ష్యాన్ని ఫెడరల్ ప్రమాణాలతోనే కొలవమని కోర్టుకి చెప్పారు.

కేసుల్లో అసలు గొడవ ఎత్తు నిరూపించడం దగ్గరే వస్తుంది. ఫిర్యాదుదారుడు ట్రాకింగ్ సైట్ స్క్రీన్‌షాట్ తెస్తాడు. అందులో కనిపించేది సాధారణంగా 29.92 అంగుళాల ప్రామాణిక పీడనానికి లెక్కేసిన ఎత్తు. ఆరోజు స్థానిక పీడనం (ఆల్టిమీటర్ సెట్టింగ్) 30.32 ఉంటే తేడా 0.40, అంటే సుమారు 400 అడుగులు తక్కువ చూపిస్తుంది. డెంటన్ ఎయిర్‌పోర్ట్ నేల ఎత్తు సముద్రమట్టం నుంచి దాదాపు 640 అడుగులు. మీరు సముద్రమట్టం నుంచి 1,700 దగ్గర ఉంటే నేల నుంచి 1,060. సైట్‌లో మాత్రం 1,300 కనిపిస్తుంది, దాంట్లోంచి 640 తీసేసి 660లోనే ఎగిరాడని రాసిస్తారు. అందుకని ఫిర్యాదు వస్తే ముందు ఆ గంట మెటార్ (ఎయిర్‌పోర్ట్ వాతావరణ నివేదిక) భద్రపరచుకోండి.

డెంటన్_స్టూడెంట్:
చాలా థాంక్స్ అండీ. కారు డీయూఐ మిగిలింది. ఏదైనా జరిగితే నాసా రిపోర్ట్ (పైలట్లు నాసాకి పంపే భద్రతా నివేదిక) ఫైల్ చేస్తే రక్షణ ఉంటుందా?

హ్యూస్టన్_లా:
నాసా రిపోర్ట్ 10 రోజుల్లో ఫైల్ చేస్తే, అనుకోకుండా జరిగిన ఉల్లంఘనలకి ఎఫ్‌ఏఏ పెనాల్టీ నుంచి కొంత కాపాడుతుంది. యాక్సిడెంట్లకి, క్రిమినల్ నేరాలకి ఆ రక్షణ లేదు. క్రిమినల్ విషయం రాస్తే పేరు తీసేయకుండానే జస్టిస్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్తుంది. కాబట్టి లాయర్‌ని అడగకుండా అందులో ఏదీ రాయొద్దు.

డీయూఐలో ఎక్కువమంది చిక్కుకునేది గడువుల దగ్గర. టెక్సాస్‌లో పోలీసు డ్రైవింగ్ లైసెన్స్ సస్పెన్షన్ నోటీసు చేతికిచ్చాక 15 రోజుల్లో హియరింగ్ అడగాలి. అడగకపోతే 40వ రోజు నుంచి డ్రైవింగ్ లైసెన్స్ సస్పెండ్ అవుతుంది: పరీక్షలో ఫెయిలైతే మొదటిసారి 90 రోజులు, పరీక్షే వద్దంటే 180. ఆ సస్పెన్షన్ అమల్లోకి వచ్చిన రోజు నుంచి 60 రోజుల్లోపు 61.15 కింద ఎఫ్‌ఏఏ సెక్యూరిటీ విభాగానికి రాతపూర్వకంగా తెలపాలి. తర్వాత కోర్టులో శిక్ష పడితే మళ్లీ విడిగా ఇంకో లెటర్. మొదటిది పంపాం కదా అని రెండోది మానేసి సర్టిఫికెట్ మీదకి తెచ్చుకుంటారు. మూడేళ్లలో ఇలాంటివి రెండైతే సర్టిఫికెట్‌కి ముప్పు, అయితే ఈ రెండూ ఒకే సంఘటనవి అయితే ఆ లెక్కలోకి మాత్రం రావు.

పైలట్ మెడికల్ సర్టిఫికెట్‌కి నింపే ఫారం వేరే సంగతి. అందులో అరెస్టు గురించే అడుగుతారు, కేసు కొట్టేసినా అవుననే పెట్టాలి. రీడింగ్ 0.15 లేదా పైన ఉన్నా, పరీక్ష నిరాకరించినా డాక్టర్ అక్కడికక్కడే మెడికల్ ఇవ్వలేడు, ఎఫ్‌ఏఏకి పంపాల్సిందే. మీది ఎమ్1 లేదా ఎఫ్1 విద్యార్థి వీసా అయితే డీయూఐ అరెస్టుతోనే వీసా రద్దు కావచ్చు, శిక్ష పడేదాకా ఆగరు.

డబుల్‌ఐ_ఇన్‌స్ట్రక్టర్:
ఇండియా వెళ్లి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) మార్చుకునే ఆలోచన ఉంటే ఒక మాట. అక్కడ వైమానిక చట్టాలు కేంద్రానివే, తెలంగాణకో ఆంధ్రాకో వేరే పైలట్ చట్టం లేదు. కానీ పరిమితి ఇక్కడికంటే కఠినం: 12 గంటలు, బ్రీత్ అనలైజర్‌లో సున్నా. 8 గంటలు, 0.04 అనే లెక్క అక్కడ పనికిరాదు.